ఈసినోఫిల్సు పెరిగాయా?

“మా వాడికి ఈసినోఫీలియా వుందండీ” అంటారు చాలామంది తల్లులు, మలేరియా వుంది, కామెర్లున్నాయి అన్నంత నిశ్చయంగా. రక్తపరీక్ష కాగితంలో 10 శాతమో 12 శాతమో కనిపిస్తే చాలు, ఇంటిల్లిపాదికీ బెంగ. మందుల షాపులో ఏవో బిళ్ళలు అడిగి తెచ్చి మింగించడం, నెల తిరక్కుండా మళ్ళీ పరీక్ష. అసలు ఈసినోఫీలియా ఒక జబ్బు పేరు కాదు. ఒంట్లో ఎక్కడో ఏదో జరుగుతోందని వచ్చిన కబురు, అంతే.

ఈసినోఫిల్ అనేది తెల్ల రక్తకణాల్లో ఒక రకం. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రక్తానికి రంగులద్ది పరీక్షిస్తుంటే, ఈయోసిన్ అనే ఎర్రరంగుని ఇష్టంగా పట్టుకున్న కణాలివి. అందుకే ఆ పేరు.

ఇవి పుట్టేది ఎముకల్లోని మూలుగలో. అక్కడ వుండే మూలకణం ఎర్రకణమూ కాగలదు, ఏ రకం తెల్లకణమైనా కాగలదు. మరి ఏది కావాలో ఎవరు నిర్ణయిస్తారు? అన్ని కణాల్లోనూ వుండే జీన్లు ఒకటే. పంచాంగం ప్రతి ఇంట్లోనూ వుంటుంది. పెళ్ళివారు ముహూర్తాల పేజీ తీస్తారు, ఉపవాసాలవారు ఏకాదశుల పేజీ తీస్తారు. కణం సంగతీ అంతే. గాటా-1 అనే ప్రోటీన్ జీన్ల మీద కూర్చుని ‘ఈసినోఫిల్ పేజీ’ని తెరిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఎర్రకణాల తయారీకీ ఈ గాటా-1 కావలసిందే. ఎంత మోతాదులో వుంది, పక్కన ఏ ప్రోటీన్లు తోడున్నాయి అన్నదాన్నిబట్టి దారి మారిపోతుంది. చారుకీ పులుసుకీ చింతపండు ఒకటే కదా!

2002లో అమెరికాలో చుంచెలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురితమైంది. గాటా-1 జీన్‌ని తీసెయ్యలేదు. దాన్ని అదుపు చేసే భాగంలో ఒక చిన్న ముక్కని మాత్రం తొలగించారు. ఆ ఎలుకల్లో ఈసినోఫిల్సు పుట్టనేలేదు!

దారి ఏర్పడ్డాక, ‘ఇంకా కావాలి, త్వరగా పంపండి’ అని మూలుగకి కబురు పెట్టేది ఇంటర్‌ల్యూకిన్-5 అనే మరో ప్రోటీన్. పేగుల్లో నులిపురుగులు చేరినా, ఉబ్బసం వున్నా, కొన్ని మందులు పడకపోయినా ఈ కబురు జోరెక్కుతుంది. కాబట్టి వెతకవలసింది కబురు పంపినవాణ్ణి.

ఇందులో మన ప్రాంతానికీ వాటా వుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో క్షయలాగే కనిపిస్తూ క్షయ కాని రోగుల్ని గమనించి, వారి రక్తంలో ఈసినోఫిల్సు విపరీతంగా వున్నాయని 1940లో ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే డాక్టర్లు రాశారు. రాత్రిళ్ళు ఆగని దగ్గు, పిల్లికూతలు, బరువు తగ్గడం దీని లక్షణాలు. ఈసినోఫిల్సు 3,000 దాటుతాయి. కారణం బోదకాలు తెచ్చే పురుగుల పిల్లలేనని తరవాత తేలింది. దానికి నేటికీ వాడే మందు డైఇథైల్ కార్బమజైన్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ పరిశోధనశాల నుంచి 1947లో వెలువడింది. బంగారంలాటి మందే, కాని కాగితం మీద 10 శాతం కనబడ్డ ప్రతివారికీ కాదు.

అసలు శాతం చూసి భయపడకండి. మొత్తం తెల్లకణాలు 4,500 వుంటే అందులో 10 శాతం 450 మాత్రమే. 500 లోపు మామూలే. మొత్తం 12,000 అయితే 6 శాతమే 720 అవుతుంది. పైగా ఉదయం తక్కువగా, రాత్రి ఎక్కువగా వుండడం వీటి స్వభావం. రక్తంలో వీటి మకాం ఒక రోజు కూడా వుండదు. తరవాత పేగుల వంటి చోట్లకి వెళ్ళిపోతాయి. బస్టాండులో నిలబడ్డవారిని లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పగలమా?

అంకె 1,500 దాటి అలాగే నిలిచిపోతే మాత్రం తాత్సారం చెయ్యకండి. గుండె కూడా దెబ్బతినవచ్చు. ఈమధ్య వాడిన మందులన్నీ, నాటుమందులతో సహా, డాక్టరుకి చెప్పండి. మలపరీక్ష చెయ్యమంటే సిగ్గుపడి ఎగ్గొట్టకండి. తీవ్రమైన ఉబ్బసంలో ఇంటర్‌ల్యూకిన్-5ని అడ్డగించే మెపోలిజుమాబ్ ఇంజక్షన్‌కి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది నిపుణులు ఎంచి ఇవ్వవలసిన ఖరీదైన మందు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ బిళ్ళ. అది వేస్తే గంటల్లో అంకె పడిపోతుంది, ఇంట్లో అందరికీ సంతోషం. కాని పేగుల్లో స్ట్రాంజిలాయిడ్స్ అనే సన్నని పురుగు దాగివుంటే, ఆ బిళ్ళ దానికి పట్టపగ్గాలు లేకుండా చేస్తుంది. పురుగులు ఒళ్ళంతా పాకి ప్రాణమే పోవచ్చు. అలాగని ఉబ్బసానికి డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ని ఇది చదివి మానెయ్యకండి. దాని మోతాదు వేరు, పని వేరు.