కంటికి కావలి

శ్రీశైలం ఆనకట్టకు చేరువలో, నల్లమల అడవుల నడుమ ఉన్న ఊరు సున్నిపెంట. కృష్ణానదిపై ప్రాజెక్టు నిర్మాణం సాగిన కాలంలో ఇంజనీర్లకు, ఉద్యోగులకు, కార్మికులకు నివాసస్థానంగా పెరిగిన ఈ ఊరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇప్పుడు అంతర్భాగం. ఊరి పొలిమేర దాటితే అడవి. పండుగ రోజులలో శ్రీశైల మల్లికార్జునుని దర్శనానికి పోయే యాత్రికుల రద్దీ. సెలవులకు సొంత ఊళ్లకు వెళ్లిన ఉద్యోగుల ఇళ్లకు తాళాలు. పగలు కోతుల బెడద, రాత్రి వన్యమృగాల భయం. శ్రీశైలం పరిసరాలలో చిరుతపులులు ఇళ్ల ముంగిళ్లలో తిరిగిన దృశ్యాలు నిఘా కెమెరాలలో నమోదైనట్లు పత్రికలలో చదువుతూనే ఉన్నాం. ఇటువంటి చోట గృహస్థుడు తన వాకిట ఒక కెమెరా అమర్చుకోవాలనుకోవడం ఎంతో సహజం.

నిజానికి ఈ అడవికి కెమెరా కొత్త కాదు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులుల గణనకు అటవీశాఖవారు చెట్లకు కెమెరాలు కడతారు. జంతువు ఎదుటికి రాగానే దాని కదలికను, శరీరపు వేడిని గుర్తించి కెమెరా తనంతట తానే ఛాయాచిత్రం తీస్తుంది. మనుషుల వేలిముద్రలవలె ఏ పులి చారలు దానివే; వాటిని పోల్చి పులుల సంఖ్యను అంచనా వేస్తారు. 2018లో దేశవ్యాప్తంగా జరిగిన పులుల గణనలో 26,838 చోట్ల ఇటువంటి కెమెరాలు అమర్చారు. ఆ కృషి గిన్నిస్ పుస్తకంలో స్థానం పొందింది. సాధారణంగా అడవిలోని కెమెరా తాను చూసినదాన్ని తన కడుపులోని మెమరీ కార్డులోనే దాచుకుంటుంది. సిబ్బంది కాలినడకన వెళ్లి తెచ్చుకుంటే తప్ప ఆ చిత్రం మరొకరి కంటబడదు.

ఇంటి వాకిట అమర్చే నెట్‌వర్క్ కెమెరా అటువంటిది కాదు. ఇది చూసే కన్ను మాత్రమే కాదు, మాట్లాడే నోరు కూడా. చూసిన దృశ్యాన్ని అంకెలుగా మార్చి, తీగ ద్వారానో వైఫై ద్వారానో ఇంటిలోని రౌటర్‌కు అందిస్తుంది. అక్కడినుంచి అది ఇంటర్నెట్ మార్గాన యజమాని సెల్‌ఫోన్‌కు చేరుతుంది. స్వీడన్ దేశానికి చెందిన యాక్సిస్ సంస్థ 1996లో మొదటి నెట్‌వర్క్ కెమెరాను విపణిలో ప్రవేశపెట్టింది. నేడు అటువంటివి చిన్న పట్టణాల దుకాణాలలోనూ దొరుకుతున్నాయి. హైదరాబాదులో ఉన్న కుమారుడు సున్నిపెంటలోని తల్లిదండ్రుల వాకిలిని క్షణంలో చూడగలుగుతున్నాడు. అయితే కుమారుడు చూడగలిగిన దారిలోనే పరాయివాడు కూడా చూడగలడు. ఈ పాఠంలో గ్రహించవలసిన ముఖ్యవిషయం ఇదే.

పూర్వం రాజులను చారచక్షువులు అనేవారు. వేగులవారే వారికి కన్నులు. వేగులవాడు నమ్మకస్థుడైతే రాజ్యానికి రక్ష. శత్రువుకు అమ్ముడుపోతే అంతకు మించిన ముప్పు లేదు. కెమెరా కూడా గృహస్థునికి వేగులవాడే. కంచే చేను మేస్తే కాపాడేవారెవరు? కనుక కెమెరాను గోడకు బిగించడంతో పని పూర్తి కాదు. ఆ కంటికి కూడా కావలి ఏర్పరచినప్పుడే పని పూర్తవుతుంది.

మొదట తేల్చుకోవలసింది ఏమి చూడాలన్నది. వీధి గేటు, ముఖద్వారం, పెరటి తలుపు, వాహనం నిలిపే చోటు - సాధారణ గృహానికి ఇవి చాలు. కెమెరాను నేలనుంచి ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తున అమర్చడం మేలు. అంతకంటె దిగువన ఉంటే చేతికి అందుతుంది. మరీ ఎత్తున ఉంటే వచ్చినవారి తలలే తప్ప ముఖాలు కనిపించవు. ఉదయ సాయంకాలాలలో సూర్యకాంతి నేరుగా పడే దిక్కుకు దానిని తిప్పరాదు. రాత్రివేళ చూడడానికి కెమెరాలో కంటికి కనబడని పరారుణ దీపాలు ఉంటాయి. ఆ కాంతి పక్కనున్న తెల్లగోడపై పడి మరలితే చిత్రమంతా తెల్లబారుతుంది. అద్దం ముందు సాలెపురుగు గూడు కట్టినా అదే ఫలితం. పడకగదులలో, స్నానపు గదులలో కెమెరా పెట్టరాదు. పొరుగింటి కిటికీ, వారి పెరడు మన కెమెరా చూపులో పడకుండా తిప్పుకోవడం చట్టానికే కాదు, మర్యాదకు కూడా సంబంధించిన విషయం. చాలా కెమెరాలలో దృశ్యంలో కొంత భాగాన్ని శాశ్వతంగా కప్పివేసే సదుపాయం ఉంటుంది. తప్పనిసరియైనచోట దానిని వాడుకోవాలి.

తరువాతది తీగల పని. వైఫై కెమెరా అమర్చడం సులభమే కాని, గోడలు అడ్డమైతే సంకేతం బలహీనపడుతుంది. తీగతో కలిపిన కెమెరా ఎక్కువ నమ్మదగినది. ఒకే ఈథర్‌నెట్ కేబుల్ ద్వారా విద్యుత్తును, సమాచారాన్ని కూడా పంపే పద్ధతి ఉంది. అట్టి కేబుల్ పొడవు 100 మీటర్లు మించకూడదు. కోతులు తిరిగే చోట బయట వేలాడే తీగ ఎక్కువ కాలం నిలవదు. కనుక దానిని గొట్టంలోనుంచి నడిపించాలి. గోడలోకి పోయే ముందు తీగను కొంచెం కిందికి వంచి, ఆ పైన రంధ్రంలోకి ఎక్కిస్తే వాననీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉండే కొండ ప్రాంతాలలో సరియైన ఎర్త్, పిడుగు తాకిడినుంచి కాపాడే పరికరం అవసరం. 230 వోల్టుల విద్యుత్తుతో సంబంధమున్న పనిని మెయిన్ స్విచ్ ఆపిన తరువాతనే, తెలిసిన పనివారి చేతనే చేయించాలి. కెమెరాతో పాటు రౌటర్‌కు కూడా ఇన్వర్టర్ ఆధారం లేకపోతే, కరెంటు పోగానే కన్ను మూతపడుతుంది. దొంగకు కావలసింది ఆ చీకటే.

చూసినదాన్ని ఎంతకాలం దాచాలన్నది మరొక ప్రశ్న. దీనికి చిన్న లెక్క చాలు. ఒక కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున సమాచారం పంపుతుందనుకుందాం. ఎనిమిది బిట్లు ఒక బైటు. దినానికి 86,400 సెకన్లు. ఆ లెక్కన రోజుకు 21.6 గిగాబైట్లు, 30 రోజులకు 648 గిగాబైట్లు అవుతుంది. నాలుగు కెమెరాలున్న ఇంటికి నెలకు సుమారు 2.6 టెరాబైట్ల నిల్వ కావాలి. కదలిక ఉన్నప్పుడు మాత్రమే నమోదు చేసేటట్లు అమరిస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. నిల్వచేసే పెట్టెను కెమెరాల పక్కనే కాక, లోపలి గదిలో తాళం వేసి ఉంచాలి. దొంగ తనతో పాటు సాక్ష్యాన్ని కూడా ఎత్తుకుపోతే కెమెరా ఉండి ప్రయోజనమేమి?

ఇక అసలైన కావలి ఏర్పాటుకు వద్దాం. కెమెరాతో పాటు తయారీదారు ఒక వాడుకరి పేరును, ఒక పాస్‌వర్డ్‌ను ఇచ్చే ఆచారం చాలాకాలం సాగింది. ఒకే నమూనాకు చెందిన వేలాది కెమెరాలకు ఒకే పాస్‌వర్డ్ ఉండేది. ఒకే తాళంచెవితో ఊరంతటి ఇళ్లు తెరుచుకోవడంవంటిది ఇది. దీని ఫలితం 2016లో ప్రపంచానికి తెలిసివచ్చింది. మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము సుమారు అరవై పాస్‌వర్డ్‌ల జాబితాతో ఇంటర్నెట్‌లో కనబడిన ప్రతి కెమెరా తలుపునూ, రౌటర్ తలుపునూ తట్టి చూసింది. లక్షలాది పరికరాలు దానికి లొంగిపోయాయి. ఆ సంవత్సరం అక్టోబరు 21న అటువంటి పరికరాలు ఎన్నో కలిసి అమెరికాలోని డిన్ అనే సంస్థపై ఒక్కమారుగా విరుచుకుపడగా, ట్విట్టర్ వంటి ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. తమ కెమెరాలు ఆ దాడిలో పాల్గొన్నట్లు వాటి యజమానులలో చాలామందికి తెలియనే తెలియదు.

అది దూరదేశపు కథ అనుకోవడానికి వీలులేదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నగరంలో ఒక ప్రసూతి వైద్యశాలలోని కెమెరా దృశ్యాలు దొంగల పాలై, ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి వెలుగులోకి వచ్చింది. చికిత్సకై వచ్చిన స్త్రీల గౌరవం అంగడి సరకయింది. దేశంలోని మరెన్నో చోట్ల కెమెరాలు ఇదే విధంగా దొంగల వశమైనట్లు దర్యాప్తులో బయటపడింది. తేలికగా ఊహించగల పాస్‌వర్డ్‌లు వారికి దారి చూపినట్లు పత్రికలు రాశాయి. భద్రత కోసం పెట్టిన కన్నే అభద్రతకు మూలమైన సందర్భమిది.

కనుక కెమెరాను ఇంటర్నెట్‌కు కలిపిన మరుక్షణం కాదు, కలపడానికి ముందే పాస్‌వర్డ్ మార్చాలి. నాలుగు అంకెల సంఖ్య పెడితే సాధ్యమయ్యేవి 10,000 మాత్రమే. కంప్యూటర్ వాటిని లిప్తకాలంలో ప్రయత్నించి చూడగలదు. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో సుమారు 20,883 కోట్ల కూర్పులు సాధ్యం. పన్నెండు అక్షరాలైతే ఆ సంఖ్య మరి 4,56,976 రెట్లు పెరుగుతుంది. ఈ బలమంతా అక్షరాలను ఊహకందకుండా ఎన్నుకున్నప్పుడే. పేరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు కాకుండా, సంబంధంలేని నాలుగైదు మాటలను కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది, ఇతరుల ఊహకు అందదు. కెమెరాకు ఒకటి, వైఫైకి ఒకటి, రౌటర్ అమరికలకు మరొకటి వేరువేరుగా ఉండాలి. కెమెరా బిగించిన మనిషికి తెలిసిన పాస్‌వర్డ్‌ను అతడు వెళ్లగానే మార్చుకోవడం అతనిని అవమానించడం కాదు. ఇల్లు కట్టిన మేస్త్రీ వద్ద తాళంచెవి ఉంచము గదా!

పాస్‌వర్డ్ తరువాత మరికొన్ని జాగ్రత్తలున్నాయి. కెమెరాను నడిపించే అంతర్గత ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. అందులో లోపాలు బయటపడినప్పుడు తయారీదారు సవరించిన రూపాన్ని విడుదల చేస్తాడు. దానిని తయారీదారునినుంచే తీసుకొని ఎప్పటికప్పుడు వేసుకోవాలి. రౌటర్‌లో బయటివారికి దారులు తెరిచే సదుపాయాలు ఉంటాయి. కొన్ని పరికరాలు యజమానిని అడగకుండానే అట్టి దారులు తెరిపించుకుంటాయి. వాటిని మూసివేయాలి. దూరంనుంచి చూడవలసివస్తే నమ్మదగిన తయారీదారు యాప్‌ను, రెండంచెల ధ్రువీకరణతో వాడుకోవాలి. రౌటర్‌లో అతిథుల కోసం ఉండే ప్రత్యేక వైఫైకి కెమెరాను కలిపితే, అది ఒకవేళ పరుల వశమైనా ఇంటిలోని కంప్యూటర్లకు ముప్పు తగ్గుతుంది. చూడడానికి మాత్రమే అవసరమైనవారికి చూసే హక్కే ఇవ్వాలి. మార్చే హక్కు ఒక్కరి వద్దనే ఉండాలి. కెమెరా గడియారం సరిగా ఉన్నదో లేదో కూడా గమనించాలి. సమయం తప్పుగా నమోదైన దృశ్యం సాక్ష్యంగా నిలబడడం కష్టం. పాత కెమెరాను ఇతరులకు ఇచ్చేటప్పుడు అందులోని అమరికలను, కార్డులోని దృశ్యాలను తుడిచివేయడం మరువరాదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చర్యల అమలు చట్టం, 2013 జనం పెద్దసంఖ్యలో వచ్చిపోయే సంస్థలు నిఘా కెమెరాలు అమర్చుకోవాలని, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని నిర్దేశించింది. మరొకవైపు, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ఒక వ్యక్తి ఆంతరంగిక శరీర భాగాల చిత్రాన్ని అనుమతి లేకుండా తీసినా, ప్రచురించినా, పంపినా సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఇ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుగాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. భద్రతా పరీక్షలలో నెగ్గిన కెమెరాలనే దేశంలో అమ్మాలన్న కేంద్రప్రభుత్వ నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులోకి వచ్చింది. కొనేటప్పుడు ధరతో పాటు ఆ ధ్రువీకరణను అడిగి తెలుసుకోవడం వినియోగదారుని కర్తవ్యం. కెమెరా పరుల వశమైందన్న అనుమానం కలిగితే వెంటనే దానిని ఇంటర్నెట్‌నుంచి వేరుచేయాలి. దృశ్యాలు దుర్వినియోగమైనా, డబ్బు కోసం బెదిరింపులు వచ్చినా పోలీసులకు ఫిర్యాదు చేయాలి. సైబర్ మోసాలలో డబ్బు పోయినప్పుడు 1930 నంబరుకు తక్షణమే తెలియజేయాలి.

ఇన్ని చేసినా కెమెరా గొళ్లెం కాదు, తాళం కాదు. అది దొంగ చేయి పట్టుకోలేదు, చిరుతను అదిలించలేదు. జరిగినదానికి సాక్షిగా నిలుస్తుంది, జరగబోయేదానికి హెచ్చరికగా ఉంటుంది. గట్టి తలుపు, వాకిట దీపం, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు - వీటికి అది తోడే కాని వీటికి బదులు కాదు. నెలకొకసారి అద్దం తుడిచి, పాత దృశ్యం ఒకటి తెరిచి చూసి, ఎవరెవరికి ప్రవేశం ఉన్నదో సరిచూసుకోవాలి. తన ఇంటిని కాపాడుకునే హక్కు ప్రతివారికీ ఉంది. ఆ హక్కును వినియోగించుకొనేటప్పుడు తన ఇంటివారి గుట్టును, పొరుగువారి మర్యాదను కూడా కాపాడగలిగినవాడే ఈ పరికరాన్ని సరిగా అమర్చుకున్నవాడు.