హియరింగ్ ఎయిడ్ అమర్చే రోజున ఏం జరుగుతుంది?

తరగతిలో పదే పదే "ఏంటి మేడమ్?" అని అడిగే పిల్లలను ధ్యాస లేనివాళ్లని అనుకుంటూ ఉంటాం. వారిలో కొందరికి నిజంగానే సరిగా వినపడదు. గులిమి, చెవి లోపల చేరిన నీరు లాంటి నయమయ్యే కారణాలేవీ లేవని ఈఎన్‌టీ డాక్టరు తేల్చి, హియరింగ్ ఎయిడ్ పెట్టించమన్నాక తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "ఎంతవుతుందండీ?" రెండోది, కాస్త గొంతు తగ్గించి, "బయటికి కనపడుతుందా?" అమర్చేటప్పుడు ఏం చేస్తారని అడిగేవారు తక్కువ. బిడ్డ దాన్ని రోజూ పెట్టుకుంటుందా, లేక అది అల్మారాలోకి చేరుతుందా అన్నది మాత్రం చాలావరకు అక్కడే తేలుతుంది.

ఈ పని చేయాల్సింది ఆడియాలజిస్టు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారి పేరు నమోదై ఉండాలి. అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడకండి. ముందు శబ్దాలు చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నని శబ్దాలు వినిపిస్తారు. వినపడినప్పుడల్లా బిడ్డ బటన్ నొక్కాలి. చిన్నపిల్లలైతే శబ్దం విన్న ప్రతిసారీ ఒక బొమ్మను డబ్బాలో వేయమంటారు. ఆ ఫలితమే ఆడియోగ్రామ్. అందులో 40 డెసిబెల్స్ అని ఉంటే 40 శాతం చెవుడు అని కాదు. అది మార్కుల షీటు కాదు. ఆ స్థాయి కంటే మెల్లని శబ్దాలు బిడ్డకు అందడం లేదని అర్థం.

చాలామంది పిల్లలకు అచ్చులు బాగానే వినపడతాయి. స, త, క లాంటి మెల్లని హల్లులు జారిపోతాయి. "కల" అన్నా "తల" అన్నా ఒకేలా తోస్తుంది. అందుకే "పిలిస్తే పలుకుతోంది కదా, చెవులకేమైంది?" అని ఇంట్లో పెద్దవాళ్లు వాదిస్తారు. అదే బిడ్డ డిక్టేషన్‌లో తప్పులు రాస్తుంది.

పిల్లలకు సాధారణంగా చెవి వెనక పెట్టే రకమే ఇస్తారు. కనపడదని చెవి లోపల పట్టేది కావాలని పట్టుబట్టకండి. చెవి పెరుగుతూ ఉంటుంది. చెవి వెనక రకంలో అయితే లోపల కూర్చునే ఇయర్ మౌల్డ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. దాని కొలత కోసం చెవిలో దారం కట్టిన చిన్న స్పాంజి పెట్టి, మెత్తని పేస్టు నింపుతారు. చల్లగా, బిగుతుగా ఉంటుంది, కాసేపు ఏమీ వినపడదు. నొప్పి ఉండదు. ఈ మాట బిడ్డకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. మౌల్డ్ రంగు బిడ్డనే ఎంచుకోనివ్వండి. ఎర్రదో, నీలందో, మెరుపులదో. తాను ఎంచుకున్నదైతే ఇష్టంగా పెట్టుకుంటుంది.

మౌల్డ్ తయారై వచ్చాక అసలు అమరిక. మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఆడియోగ్రామ్ ప్రకారం సెట్ చేస్తారు. ఆ తర్వాత సన్నని గొట్టం చెవిలో ఉంచి, లోపలికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలవాలి. ఇది చేశారా అని అడగండి. "వినపడుతోందా బాబూ?" అని చప్పట్లు కొట్టి పంపించేస్తే అది అమరిక కాదు.

కళ్లద్దాల్లా పెట్టుకున్న నిమిషంలోనే అంతా సరైపోతుందని ఆశించకండి. మొదటి రోజుల్లో సొంత గొంతే వింతగా ఉంటుంది. ఫ్యాను, చిప్స్ ప్యాకెట్, కుక్కర్ విజిల్ అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టి, ఆడియాలజిస్టు చెప్పినట్టు సమయం పెంచుతూ వెళ్లండి. ఏ శబ్దానికి ఉలిక్కిపడుతోందో, ఎప్పుడు తీసేస్తోందో రాసుకుని తర్వాతి విజిట్‌కు తీసుకెళ్లండి. సెట్టింగ్ మార్చడానికి ఆ కాగితమే ఆధారం. మిషన్ కీచుమంటుంటే తరచుగా మౌల్డ్ వదులైందని అర్థం. చెవి ఒరుసుకుపోయినా, నొప్పి పుట్టినా వెంటనే చూపించాలి.

బటన్ బ్యాటరీ విషయంలో మాత్రం జాగ్రత్త. పిల్లలు మింగితే లోపల కాలి పుండు పడుతుంది. మింగారన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో తాళం పడే బ్యాటరీ మూత అడిగి తీసుకోండి. మన వేసవి చెమటకు ట్యూబులో తేమ చేరుతుంది కాబట్టి రాత్రిపూట మిషన్‌ను డ్రై బాక్సులో ఉంచాలి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆదాయ పరిమితికి లోబడినవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద హియరింగ్ ఎయిడ్స్ ఇస్తారు. మీకు వర్తించకపోయినా, అవసరమున్న కుటుంబం మీ ఎరుకలో ఉంటే చెప్పండి.

బిడ్డ దాన్ని పెట్టుకుని స్కూలుకు వచ్చే ముందురోజే క్లాస్ టీచర్‌కు తెలియజేయండి. టీచర్ ముఖం కనపడేలా ముందు వరుసలో, ఫ్యాను హోరుకు, వరండా గోలకు దూరంగా చోటు చూస్తాం. దూరం పెరిగేకొద్దీ మిషన్ అందించే స్పష్టత తగ్గుతుంది. టీచర్ మెడలో వేసుకునే రిమోట్ మైక్ మీ మిషన్‌కు కలుస్తుందేమో కొనేటప్పుడే కనుక్కోండి. స్నేహితులు అడిగితే ఏం చెప్పాలన్నది బిడ్డకే వదిలేయండి. కొందరు మొదటి రోజే తీసి చూపిస్తారు, కొందరికి నెల పడుతుంది. బ్యాటరీలతో నడిచే మిషన్ అయితే ఒక ప్యాకెట్ టీచర్ దగ్గర ఉంచండి. బ్యాటరీ అయిపోతే మొదటి పీరియడ్ నుంచి బస్సెక్కేదాకా బిడ్డ ఏమీ వినకుండానే కూర్చోవాల్సి వస్తుంది.