వాన నీటి ఆనవాళ్లు: ప్రపంచ ఐసోటోప్ సమాచార నిధిని శోధించే విధానం

(ప్రత్యేక వ్యాసం)

ఒక గ్రామంలో కొత్తగా వేసిన లోతైన బోరులో నీరు పుష్కలంగా పడిందనుకుందాం. ఆ నీరు నిరుడు కురిసిన వానదా? ఊరి చెరువు నుండి ఇంకినదా? లేక తాతల కాలం నుండి రాతి పగుళ్లలో నిల్వ ఉన్నదా? మరిన్ని బోర్లకు అనుమతి ఇవ్వవచ్చునా, ఇంకుడు కట్టడాలను ఎక్కడ చేపట్టాలి అన్న నిర్ణయాలు ఈ ప్రశ్నకు లభించే సమాధానంపై ఆధారపడి ఉంటాయి. నీటి మట్టాన్ని కొలిచే సాధనం నీరు ఎంత లోతున ఉన్నదో చెప్పగలదు గాని, ఎక్కడి నుండి వచ్చినదో చెప్పజాలదు. ఆ సంగతిని నీటిలోని ఐసోటోపులు తెలియజేస్తాయి.

అయితే బోరు నీటిని దేనితో పోల్చాలి? వాతావరణం నుండి భూమికి దిగివచ్చే వాన నీటి ఆనవాళ్లు ముందే నమోదై ఉంటేనే ఈ పోలిక సాధ్యమవుతుంది. ప్రపంచం నలుమూలల నుండి ఇటువంటి కొలతలను సేకరించిన సమాచార నిధిని వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్వహిస్తున్నది. ఇది ఇంటర్నెట్‌లో ఉచితంగా లభ్యమవుతున్నది. దీనిని శోధించే విధానాన్ని, లభించిన అంకెలను అర్థం చేసుకునే పద్ధతిని పాత్రికేయులకు, అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐసోటోపులు అంటే ఏమిటి?

నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయన్న సంగతి విదితమే. ఈ పరమాణువులన్నీ ఒకే బరువు కలిగి ఉండవు. సముద్రపు నీటిలోని ప్రతి పది లక్షల ఆక్సిజన్ పరమాణువులలో సుమారు 2,000 మాత్రమే బరువైన ఆక్సిజన్-18 రకానికి చెందినవి. హైడ్రోజన్‌లో బరువైన డ్యుటీరియం పది లక్షలకు సుమారు 156 మాత్రమే. ఒకే మూలకానికి చెంది బరువులో తేడా గల ఇట్టి పరమాణువులనే ఐసోటోపులు అంటారు.

నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికైన అణువులు సులువుగా పైకి లేస్తాయి. మేఘం వర్షించేటప్పుడు బరువైన అణువులు ముందుగా రాలిపోతాయి. అందువలన సముద్రం నుండి బయలుదేరిన మేఘం భూభాగంలోకి చొచ్చుకుపోయిన కొద్దీ, కొండలెక్కిన కొద్దీ, దాని వర్షంలో బరువైన ఐసోటోపుల పాలు తగ్గుతూ వస్తుంది. రుతుపవనాల ప్రాంతాలలో వర్షం ఉద్ధృతంగా కురిసిన నెలలలోనూ ఈ పాలు తగ్గుతుంది. ఈ విధంగా ప్రతి ప్రాంతపు వానకు, ప్రతి రుతువు వానకు ఒక ప్రత్యేకమైన గుర్తు ఏర్పడుతుంది. భూమిలోకి ఇంకిన తరువాత కూడా ఆ గుర్తు సాధారణంగా చెక్కుచెదరదు.

సమాచార నిధి ఆవిర్భావం

1950, 60 దశకాలలో అగ్రరాజ్యాలు వాతావరణంలో జరిపిన అణ్వస్త్ర పరీక్షల ఫలితంగా ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ వాన నీటిలో విపరీతంగా పెరిగింది. దీనిని గమనించేందుకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1960లో ఒక పరిశీలనా వ్యవస్థకు శ్రీకారం చుట్టాయి. 1961 నుండి నమూనాల సేకరణ మొదలైంది. దీనినే వర్షపాత ఐసోటోపుల ప్రపంచ వ్యవస్థ, సంక్షిప్తంగా జి.ఎన్.ఐ.పి. అని వ్యవహరిస్తారు. ఇందులో ట్రిటియంతో పాటు ఆక్సిజన్-18, డ్యుటీరియం కొలతలు కూడా నమోదయ్యాయి. అణ్వస్త్రాల జాడను కనిపెట్టడానికి పుట్టిన ఈ వ్యవస్థ క్రమేణా జలవనరుల పరిశోధనకు, వాతావరణ మార్పుల అధ్యయనానికి మూలాధారమైంది.

నేడు ఈ నిధిలో వెయ్యికి పైగా కేంద్రాలకు చెందిన, లక్షకు పైగా నెలవారీ నమోదులు ఉన్నాయి. భారతదేశం నుండి న్యూఢిల్లీ కేంద్రం 1960 దశకం ఆరంభం నుండి ఇందులో చోటు చేసుకున్నది.

శోధన ఎలా ప్రారంభించాలి?

ఈ నిధిని శోధించే వ్యవస్థకు వైజర్ అని పేరు. అణుశక్తి సంస్థ వెబ్‌సైట్‌లో పేరు, ఈమెయిల్ చిరునామాతో ఉచితంగా ఖాతా తెరచుకొని ఇందులో ప్రవేశించవచ్చు. తరువాతి వరుస ఈ క్రింది విధంగా ఉంటుంది.

మొదటిది, వ్యవస్థ ఎంపిక. వాన నీటి కొలతలకు జి.ఎన్.ఐ.పి.ని, నదీ జలాల కొలతలకు జి.ఎన్.ఐ.ఆర్.ను ఎంచుకోవాలి. ఈ రెండింటినీ కలగలిపితే పోలిక దెబ్బతింటుంది.

రెండవది, కేంద్రం ఎంపిక. దేశాన్ని బట్టి గాని, ప్రపంచ పటాన్ని బట్టి గాని కేంద్రాలను గుర్తించవచ్చు. ఒకే పేరు గల ఊళ్లు, కాలక్రమంలో పేర్లు మారిన నగరాలు ఎన్నో ఉన్నందున, పేరు కంటే కేంద్రానికి కేటాయించిన సంఖ్యను నమ్ముకోవడం క్షేమం. ఉదాహరణకు న్యూఢిల్లీ కేంద్రం సంఖ్య 4218200. ఇందులోని మొదటి ఐదు అంకెలు ప్రపంచ వాతావరణ సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన సంఖ్యను సూచిస్తాయి. కేంద్రం అక్షాంశ రేఖాంశాలను, సముద్ర మట్టం నుండి ఎత్తును కూడా తప్పక నమోదు చేసుకోవాలి. ఎత్తు తెలియనిదే కొండ ప్రాంతపు అంకెకు అర్థం ఉండదు.

మూడవది, కొలత, కాలవ్యవధి. ఆక్సిజన్-18, డ్యుటీరియం, ట్రిటియంలలో కావలసిన దానిని, సంవత్సరాలను ఎంచుకోవాలి. వీటితో పాటు వర్షపాతం, గాలి ఉష్ణోగ్రత వివరాలను కూడా తీసుకోవాలి. వర్షపాతం వరుసను వదిలివేస్తే ఎటువంటి చిక్కు ఎదురవుతుందో ముందు తెలుస్తుంది. ఎంచుకున్న సమాచారాన్ని పట్టిక రూపంలో కంప్యూటరులోకి దింపుకోవచ్చు.

అంకెలను చదవడం

పట్టికలో కనిపించే డెల్టా విలువ వేయింట లెక్కించినది. సముద్ర జలపు ప్రమాణంతో పోల్చి, నమూనాలో బరువైన ఐసోటోపు ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అది చెబుతుంది. ఆక్సిజన్-18 విలువ మైనస్ 6 అని ఉంటే, ప్రమాణ జలం కంటే ఆ నమూనాలో బరువైన ఆక్సిజన్ వేయికి 6 పాళ్లు తక్కువ అని గ్రహించాలి. మైనస్ గుర్తును చూసి నీటి నాణ్యత లోపించిందని భావించరాదు. ఆ గుర్తుకు, నాణ్యతకు ఎట్టి సంబంధమూ లేదు.

ఖాళీ గడికి, సున్నాకు గల భేదాన్ని గుర్తించడం మరింత ముఖ్యం. సున్నా అంటే నమూనా సముద్ర జల ప్రమాణంతో సమానమని అర్థం. ఖాళీ గడి అంటే ఆ నెల కొలత లేదని అర్థం. వాన కురవకపోవడం వలన గాని, నమూనా అందకపోవడం వలన గాని కొలత లేకపోవచ్చు. ఖాళీలను సున్నాలుగా లెక్కగట్టే కంప్యూటరు పట్టిక సగటును పూర్తిగా తారుమారు చేస్తుంది.

సగటు కట్టే తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఒక కేంద్రంలో జూన్‌లో 60 మిల్లీమీటర్ల వాన కురిసి, ఆక్సిజన్-18 విలువ మైనస్ 2గా నమోదైంది. ఆగస్టులో 300 మిల్లీమీటర్లు కురిసి, విలువ మైనస్ 8 వచ్చింది. ఈ రెండింటి సాధారణ సగటు మైనస్ 5. కాని నేలపై పడిన నీటిలో అత్యధిక భాగం ఆగస్టుది. వర్షపాతాన్ని లెక్కలోకి తీసుకుంటే అసలు సగటు మైనస్ 7 అవుతుంది. మైనస్ 7 విలువ గల బావి నీటిని మైనస్ 5తో పోల్చితే, ఆ నీరు ఎక్కడో దూరం నుండి వచ్చినదన్న తప్పుడు నిర్ధారణకు రాక తప్పదు. వాస్తవానికి అది ఆ ఊరి వాన నీరే.

అమెరికా శాస్త్రవేత్త హార్మన్ క్రెయిగ్ 1961లో ఒక ముఖ్యమైన సంబంధాన్ని ప్రకటించారు. ప్రపంచవ్యాప్తంగా వాన నీటిలో డ్యుటీరియం విలువ, ఆక్సిజన్-18 విలువకు 8 రెట్లు వేసి 10 కలిపితే వచ్చే అంకెకు దగ్గరగా ఉంటుందన్నదే ఆ సంబంధం. చెరువులో నిలిచి ఎండకు ఆవిరైన నీరు ఈ సూత్రానికి దూరమవుతుంది. ఒక బావి నీటిలో ఆక్సిజన్-18 విలువ మైనస్ 2 ఉంటే, సూత్రం ప్రకారం డ్యుటీరియం మైనస్ 6 ఉండాలి. పరీక్షలో మైనస్ 16 వచ్చిందంటే, ఆ నీరు భూమిలోకి ఇంకకముందు ఎండలో నిలిచి ఉన్నదని అనుమానించవచ్చు. చెరువుకు పూడిక తీసిన తరువాత చుట్టుపక్కల బావులకు నిజంగా నీరు చేరుతున్నదా అని పరిశీలించేందుకు ఇది ఒక చక్కని మార్గం.

ట్రిటియం: నీటి వయస్సుకు సాక్షి

ఉత్తరార్ధ గోళంలో వాన నీటి ట్రిటియం 1963లో పతాక స్థాయికి చేరి, కొన్ని చోట్ల వేల యూనిట్లను తాకింది. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్‌లు వాతావరణంలో అణు పరీక్షలను నిషేధించే ఒప్పందంపై సంతకాలు చేసిన తరువాత అది తగ్గుముఖం పట్టింది. ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 సంవత్సరాలు. 1963 నాటి వానలోని ట్రిటియం ఐదు అర్ధాయువులు గడిచేసరికి, అనగా 60 ఏళ్లు దాటేసరికి, 32వ వంతుకు క్షీణించింది. ఇప్పటి వానలలో ఇది చాలా వరకు సహజ స్థాయికి చేరువైంది.

ఒక బోరు నీటిలో ట్రిటియం దాదాపు లేదంటే, ఆ నీటిలో అత్యధిక భాగం 1950కి పూర్వం ఇంకినదని భావిస్తారు. అటువంటి నీరు ఏటేటా చేతికందే పంట వంటిది కాదు, పూర్వులు కూడబెట్టిన పాత నిల్వ. దానిని తోడివేస్తే ఒక మంచి వానాకాలంతో తిరిగి నిండదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అనగా వాల్టా, భూగర్భ జలాల వినియోగాన్ని నియంత్రించడానికి ఉద్దేశించినది. అట్టి నియంత్రణకు ఇటువంటి పరీక్షలు శాస్త్రీయమైన బలాన్ని చేకూర్చగలవు.

ట్రిటియం అన్న మాట వినగానే ఆందోళన కలగడం సహజం. జపాన్‌లోని ఫుకుషిమా నుండి శుద్ధి చేసిన నీటిని 2023 ఆగస్టులో సముద్రంలోకి వదలడం మొదలైనప్పుడు ఈ పేరు పత్రికలలో మారుమ్రోగింది. ఒక ట్రిటియం యూనిట్ లీటరుకు సుమారు 0.118 బెకరెల్‌లకు సమానం. తాగునీటిలో ట్రిటియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మార్గదర్శక విలువ లీటరుకు 10,000 బెకరెల్‌లు. వాన నీటిలో 5 యూనిట్లు ఉన్నదంటే అది లీటరుకు ఒక బెకరెల్‌కు కూడా చాలదు. యూనిట్‌ను పేర్కొనకుండా అంకెను మాత్రమే ప్రచురించినట్లయితే, నిష్కారణంగా ప్రజలను భయభ్రాంతులను చేసినట్లవుతుంది.

ఆచరణలో ఫలితాలు

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా గౌచర్ ప్రాంతంలో కొండ ఊటలు ఎండిపోతుండగా, భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వాన నీటి, ఊట నీటి ఐసోటోపులను పోల్చి చూశారు. ఎత్తు పెరిగిన కొద్దీ వాన గుర్తు మారుతుంది గనుక, ఏ ఎత్తున కురిసిన వాన ఏ ఊటకు చేరుతున్నదో తెలిసింది. ఆ ప్రదేశాలలోనే నీటిని ఇంకించే కట్టడాలను నిర్మించగా ఊటలలో నీరు పెరిగింది. ఈ వివరాలు 2008లో ప్రచురితమయ్యాయి.

మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ దశాబ్దాలుగా మరొక విధంగా ట్రిటియంను వినియోగించింది. వానాకాలానికి ముందు స్వల్ప పరిమాణంలో ట్రిటియంను నేలలోకి ఎక్కించి, వానలు వెళ్లిన తరువాత అది ఎంత లోతుకు దిగిందో పరీక్షించి, వర్షంలో ఎంత పాలు భూగర్భ జలంగా మారుతున్నదో లెక్కగట్టింది. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల నాయకత్వాన భారతదేశపు జలాల ఐసోటోపు గుర్తులను నమోదు చేసే జాతీయ కార్యక్రమం కూడా జరిగింది.

దూరపు కేంద్రంతో పోల్చరాదు

ప్రపంచ నిధిలో ప్రతి జిల్లాకు కేంద్రం లేదు. ఉన్న కేంద్రాలలోనూ పలుచోట్ల నమోదులు కొన్నేళ్లకే పరిమితం. జిల్లాలో కేంద్రం లేనంత మాత్రాన ఢిల్లీ అంకెను తెచ్చి నెల్లూరుకు అన్వయించరాదు. ఢిల్లీకి ప్రధానంగా నైరుతి రుతుపవనాల వాన లభిస్తుంది. నెల్లూరు ప్రాంతానికి అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతం మీదుగా వచ్చే ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఆధారం. దక్షిణ భారతంలో ఈశాన్య రుతుపవన వానలలో బరువైన ఐసోటోపులు నైరుతి వానల కంటే తక్కువగా ఉంటున్నట్లు పరిశోధనలు తెలుపుతున్నాయి.

కనుక జిల్లా స్థాయి నిర్ణయానికి స్థానికంగా వాన నమూనాలను సేకరించడమే శ్రేయస్కరం. నమూనా పాత్రలోని నీరు ఆవిరి కాకుండా చూడడం ఇందులో ప్రధానం. ఇందుకోసం పాత్రలో పారాఫిన్ నూనె పొరను గాని, ప్రత్యేకమైన గొట్టం అమరికను గాని ఉపయోగిస్తారు. ఎండలో తెరచి ఉంచిన సీసాలోని నీరు తన గుర్తును తానే కోల్పోతుంది.

నివేదికలో ఉండవలసిన వివరాలు

ఈ నిధి నుండి తీసుకున్న ఏ అంకెనైనా వార్తలో గాని, ప్రభుత్వ నివేదికలో గాని ఉటంకించేటప్పుడు ఐదు వివరాలను జతపరచడం అవసరం: కేంద్రం పేరు, సంఖ్య, కొలత జరిగిన నెలలు, సంవత్సరాలు, కొలత యూనిట్, సగటు సాధారణమైనదా, వర్షపాతాన్ని లెక్కించినదా అన్న సంగతి, సమాచారాన్ని దింపుకున్న తేదీ. పాత నమోదులకు సవరణలు, కొత్త నమోదులు చేరుతుంటాయి గనుక చివరి వివరం కూడా విస్మరించదగినది కాదు.

ఒకే బావి నుండి ఒకే పర్యాయం తీసిన నమూనాపై తుది నిర్ణయం తీసుకోరాదు. మన రాతి నేలలలో పాత నీరు, కొత్త నీరు కలిసిపోవడం సర్వసాధారణం. వానాకాలానికి ముందు, తరువాత తీసిన నమూనాలను భూగర్భ జలశాఖ నీటిమట్టాల లెక్కలతో కలిపి పరిశీలించినప్పుడే ఐసోటోపుల సాక్ష్యం నిలబడుతుంది. అటువంటి సాక్ష్యం లభించిన చోట ఏ బోరు నీరు ఈ తరానికి అందిన ఆదాయమో, ఏది రాబోయే తరాలకు మిగల్చవలసిన నిల్వయో అధికారులు గ్రామసభకు స్పష్టంగా చెప్పగలుగుతారు.