నీలగిరి తైలం, కర్పూరం, రోల్ ఆన్‌లు: పిల్లల దగ్గర ఎంతవరకు?



ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ఒక మాట అర్థంతో మొదలుపెడతాను. ‘ఎసెన్షియల్’ అంటే ఏమిటని క్లాసులో అడిగితే పిల్లలంతా ‘చాలా అవసరమైనది’ అని ఠక్కున చెప్తారు. ఎసెన్షియల్ ఆయిల్ అనే పేరులో ఆ అర్థం లేదు. అక్కడున్నది ‘ఎసెన్స్’ అనే మాట. అంటే మొక్కకు ఆ వాసనను ఇచ్చే సారం. ఒంటికి తప్పనిసరిగా కావాల్సిన నూనె అనుకుని కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది ముందే చెప్పాను. పేరులోని ‘ఆయిల్’ కూడా అంత నమ్మదగిన మాట కాదు. ఒక కాగితం మీద కొబ్బరినూనె చుక్క, ఇంకో కాగితం మీద నీలగిరి తైలం చుక్క వేసి మర్నాడు చూడండి. కొబ్బరినూనె మరక అలాగే ఉంటుంది. తైలం చుక్క దాదాపు ఆవిరైపోయి ఉంటుంది. పిల్లలకు చూపించదగ్గ ప్రయోగమే, సీసా మాత్రం మీ చేతిలో ఉండాలి.

ఈ విషయం రాయడానికి కారణం మా తరగతి గదే. చలి మొదలైందంటే చాలు, చేతిరుమాళ్ల మీద నీలగిరి తైలం చుక్కలు, పెన్సిల్ బాక్సుల్లో రోల్ ఆన్‌లు, చొక్కా లోపల చిన్న గుడ్డలో కట్టిన కర్పూరం కనిపిస్తాయి. ఒకరి రోల్ ఆన్ బెంచీలో నలుగురి ముక్కుల దాకా తిరుగుతుంది. పేరెంట్ మీటింగుల్లో కూడా ‘టీచర్, ఇది సహజమైనదే కదా, ఏమవుతుంది?’ అని అడుగుతుంటారు. సహజమైనదే. కానీ చిక్కగా చేసినది. ఆ తేడా తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఈ నూనెల్లో చాలావాటిని ఆవిరి పట్టి తీస్తారు. నిమ్మగడ్డి మోపులను పెద్ద పాత్రలో నింపి అడుగు నుంచి ఆవిరి పంపిస్తారు. ఆవిరి గడ్డిలోని వాసన నూనెను వెంట తీసుకొస్తుంది. దాన్ని చల్లబరిస్తే నీరు ఒకవైపు, పైన తేలిన నూనె ఒకవైపు వస్తాయి. ఇలాంటి సువాసన పంటల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీమ్యాప్‌కు మన హైదరాబాద్ బోడుప్పల్‌లో ఒక కేంద్రం ఉంది. గులాబీ విషయానికొస్తే, ఒక కిలో నూనె రావాలంటే మూడు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. ఇక మల్లెపూలకు ఆవిరి వేడి పడదు, వాసన పాడవుతుంది. అందుకే వాటి సారాన్ని వేరే ద్రావకాలతో తీస్తారు. నూట యాభై రూపాయల సీసా మీద ‘వంద శాతం స్వచ్ఛమైన గులాబీ నూనె’ అని కనిపిస్తే ఈ లెక్క గుర్తు చేసుకోండి. అందులో ఉన్నది ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైన సెంటే అయి ఉంటుంది. నమ్మకమైన సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉంటాయి.

అరోమాథెరపీ అనే మాట ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రెనే మోరిస్ గాట్‌ఫోసే 1937లో రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. మంచి వాసన పీలిస్తే మనసు తేలికపడటం, కాస్త నిద్ర పట్టడం లాంటివి చాలామందికి అనుభవమే. నిద్రకు, ఆందోళనకు లావెండర్ కొంత సాయపడుతుందని పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనలు కూడా చెప్తున్నాయి. రోగాలు నయమవుతాయనే మాటకు మాత్రం అలాంటి ఆధారం లేదు. 2021 ఏప్రిల్‌లో కర్పూరం, లవంగం, వాము మూటకట్టి నీలగిరి తైలం చుక్కలు వేసి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్ మనలో చాలామందికి వచ్చే ఉంటుంది. అది నిజం కాదని డాక్టర్లు అప్పుడే చెప్పారు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం వేరు, రక్తంలో ఆక్సిజన్ పెరగడం వేరు.

పరీక్షల సీజన్‌లో అమ్మే ‘మెమరీ ఆయిల్’ రోల్ ఆన్‌ల గురించీ ఇక్కడే చెప్పాలి. వాటిలో ఎక్కువగా రోజ్‌మేరీ ఉంటుంది. దాని వాసనకూ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం మీద కొన్ని చిన్న పరిశోధనలు జరిగాయి. వాటిని పట్టుకుని మార్కులు పెరుగుతాయని అమ్మడం వ్యాపారం. రోజ్‌మేరీ నూనెలో సహజంగానే కర్పూరం కూడా ఉంటుందని ఆ రోల్ ఆన్ అమ్మేవాళ్లు చెప్పరు. ఆ డబ్బుతో ఒక కథల పుస్తకం కొనండి అన్నది టీచర్‌గా నా సలహా.

ఇప్పుడు అసలు విషయం, కర్పూరం. మన ఇళ్లలో హారతి పళ్లెం పక్కనే డబ్బా ఉంటుంది. తెల్లగా, చల్లటి వాసనతో, చూడటానికి అచ్చం పిప్పరమెంటు బిళ్లలా ఉంటుంది. రెండేళ్ల బిడ్డకు ఆ తేడా తెలియదు. కర్పూరం కడుపులోకి వెళ్తే చాలా త్వరగా రక్తంలో కలిసి మెదడు మీద పనిచేస్తుంది. కొన్ని నిమిషాల నుంచి గంట, గంటన్నర లోపే ఫిట్స్ రావచ్చు. చాలాసార్లు ముందు హెచ్చరికలేవీ లేకుండా ఫిట్స్‌తోనే మొదలవుతుంది. పసిపిల్లలకు ఒక గ్రాము మోతాదే ప్రాణం మీదికి తెచ్చిన కేసులు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. బిళ్ల సైజును బట్టి ఒకటి రెండు బిళ్లల్లోనే అంత ఉండొచ్చు. ఒంటికి పూసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1983లో హద్దు పెట్టింది ఇందుకే. మనం పూజకు కొనే కర్పూరం చాలావరకు చెట్టు నుంచి రాదు, టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారవుతుంది. దాన్ని తినే పచ్చకర్పూరానికి బదులుగా తీర్థంలోనో పాయసంలోనో ఎప్పుడూ వేయకండి. బీరువాలో పెట్టే కలరా ఉండలు ఇంకో రసాయనం. అవి కూడా విషమే.

కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి ఛాతీకి రాయడం నానమ్మల కాలం నుంచి ఉన్నదే. పెద్ద పిల్లలకు కొద్దిగా రాసినందుకు ఎవరినీ తప్పుపట్టను. రెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం వద్దు. వాళ్ల చర్మం పలచన, శరీరం చిన్నది, మందును విరిచేసే శక్తి ఇంకా తక్కువ. ఆవిరి బామ్‌లలో చాలావాటి లేబుల్ మీద కూడా రెండేళ్ల లోపు వాడవద్దనే ఉంటుంది. చదవం, అంతే. బామ్ అంటే మనకు ఇంటిమనిషి లాంటిది మరి. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అయినా తలనొప్పికి తాతగారు నుదుటికి రాసుకునేది పసిబిడ్డ ముక్కు దగ్గరికి తీసుకెళ్లకూడదు. మెంథాల్, కర్పూరం ఘాటుకు పసిపిల్లల్లో శ్వాస ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పాపాయి మెడలో, మణికట్టుకు కర్పూరం మూట కట్టడం కూడా మానేయండి. మూట నోట్లోకి వెళ్లడానికి ఒక్క క్షణం చాలు.

మీ బిడ్డకు ఫిట్స్ చరిత్ర ఉంటే కర్పూరం, నీలగిరి, రోజ్‌మేరీ ఈ మూడింటినీ పూర్తిగా దూరం పెట్టి, మిగతా నూనెల గురించి డాక్టరును అడగండి. ఈ నూనెలకూ ఫిట్స్‌కూ ఉన్న సంబంధాన్ని గమనించి బెంగళూరు నరాల వైద్యులు పరిశోధన పత్రాలు కూడా ప్రచురించారు.

నీలగిరి తైలం కూడా తాగేది కాదు. ఒక టీస్పూను మోతాదు మింగిన పిల్లలు మత్తులోకి జారి ఆసుపత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. దగ్గు సిరప్ సీసా పక్కన తైలం సీసా పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మార్చండి. రాత్రిపూట నిద్రకళ్లతో ఒకదానికి బదులు ఇంకొకటి తీసే అవకాశం ఉంది. ఆవిరి పట్టించడంలో ప్రమాదం తైలం కంటే వేడినీళ్లదే ఎక్కువ. కోవిడ్ మొదటి లాక్‌డౌన్‌లో ఆవిరి గిన్నెలు ఒలికి కాలిన పిల్లలు బాగా పెరిగారని ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2020లో లాన్సెట్ పత్రికకు రాశారు. మరిగే గిన్నె, పైన దుప్పటి, కింద కదలకుండా కూర్చోలేని బిడ్డ! బాత్‌రూమ్‌లో వేడినీళ్ల కుళాయి తిప్పి, తలుపు మూసి, మీరు బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు కూర్చుంటే చాలు.

ఆరేళ్లు దాటిన పిల్లలకు లావెండర్ లాంటివి చర్మానికి రాయాలనుకుంటే నేరుగా వద్దు. కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో కలపాలి. లెక్క సులువు: ఒక టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, సుమారు 100 చుక్కలు. కాబట్టి టీస్పూను కొబ్బరినూనెకు ఒక్క చుక్క వేస్తే ఒక శాతం అవుతుంది. పిల్లలకు అంతకు మించి అక్కర్లేదు. ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి. నిమ్మ, బత్తాయి జాతి తొక్కల నూనెల్లో కొన్ని చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు వస్తాయి, నల్లటి మచ్చలు పడతాయి. ఆటల పీరియడ్ ఉన్న రోజు అవి అసలు వద్దు.

డిఫ్యూజర్ ఉన్నవాళ్లు కిటికీ కాస్త తెరిచి అరగంట వేసి ఆపేయండి. ఏసీ గదిలో తలుపులన్నీ మూసి రాత్రంతా నడిపితే పొద్దున తలనొప్పి, దగ్గు రావచ్చు. ఆస్తమా ఉన్న బిడ్డ పడుకునే గదిలో డిఫ్యూజర్, అగరబత్తి రెండూ వద్దు. పిల్లిని పెంచుకునేవాళ్లు కూడా ఆలోచించాలి, ఈ నూనెలను దాని శరీరం సరిగా విరవలేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పిల్లలు పిల్లలే కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. మింగినట్టు అనుమానం వస్తే వేలు పెట్టి వాంతి చేయించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే, లేదా ఆ సమయంలోనే ఫిట్స్ వస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. పాలు పట్టి చూద్దామని ఇంట్లో ఆగకండి. బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నా సరే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి బయల్దేరండి. సీసానో డబ్బానో వెంట తీసుకెళ్లండి, ఎంత మింగి ఉంటుందో అంచనా వేయడానికి డాక్టరుకు అది కావాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చర్మం మీద ఒలికి మంట పుడితే ముందు కొబ్బరినూనెతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. వట్టి నీళ్లకు ఆ నూనె వదలదు.

చివరగా స్కూలు వైపు నుంచి రెండు అభ్యర్థనలు. తైలం సీసాలు, రోల్ ఆన్‌లు, కర్పూరం బ్యాగులో పంపకండి. జలుబు ఎక్కువగా ఉంటే ఒకరోజు సెలవు పెట్టించండి, హాజరు గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీ బిడ్డకు ఆస్తమా, ఫిట్స్, ఏదైనా వాసన పడకపోవడం లాంటివి ఉంటే డైరీలో రాసి క్లాస్ టీచర్ సంతకం తీసుకోండి. పక్క బెంచీ స్నేహితుడు తెచ్చిన రోల్ ఆన్ వల్ల వచ్చే దగ్గుకు కారణం మాకు వెంటనే తెలుస్తుంది.