బొమ్మా బొరుసా కాదు, ఏడాది కింద చూడండి!

ముందు ఒక చిన్న పని చేయండి. బ్యాగు అడుగునో, హాస్టల్ టేబుల్ సొరుగులోనో ఒక రూపాయి బిళ్ల వెతకండి. యూపీఐ వచ్చాక ఇదే పెద్ద అసైన్‌మెంట్ అని నాకూ తెలుసు. దొరికిందా? మామూలు మనిషి నాణెం చూస్తే బొమ్మా, బొరుసా అంటాడు. మాలాంటి నాణేల పిచ్చోళ్లు మాత్రం సంవత్సరం అంకె కిందకి చూస్తారు.

ఎందుకంటే అక్కడ నాణెం పుట్టిన ఊరు రాసి ఉంటుంది. మన దేశంలో నాణేలు ముద్రించే టంకశాలలు నాలుగు. ఏడాది కింద డైమండ్ ఉంటే ముంబై. నక్షత్రం ఉంటే మన హైదరాబాద్. అది ముందు సైఫాబాద్‌లో ఉండేది, 1997లో చర్లపల్లికి వచ్చింది. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. సీఎస్ఈ భాషలో చెప్పాలంటే కోల్‌కతాది నల్ వాల్యూ అన్నమాట. అరిగిపోయిన బిళ్ల చేతికొస్తే మాత్రం అది నిజంగా కోల్‌కతాదా, లేక గుర్తు అరిగిపోయిన నోయిడాదా అని భూతద్దం పెట్టుకుని కొట్టుకోవాల్సిందే.

ఈ పిచ్చి వల్ల పరువు పోవడం మామూలే. ఒకసారి క్యాంటీన్‌లో చిల్లర తీసుకుంటూ, "అన్నా, ఇది వద్దు, నక్షత్రం ఉన్నది ఇవ్వవా" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నక్షత్రం చూసి తీసుకోడానికి ఇదేమన్నా పెళ్లి సంబంధమా తమ్ముడూ?" అన్నాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఆ సెమిస్టర్ అంతా నన్ను పంతులుగారూ అనే పిలిచారు.

ఇక ఈ హాబీకి ఇంట్లో ఉన్న అతి పెద్ద శత్రువు చింతపండు. పాత రాగి నాణెం మీద ఏళ్ల తరబడి ఒక నల్లటి పొర ఏర్పడుతుంది. సేకరించేవాళ్లకి అదే అందం. రుద్దితే గీతలు పడతాయి, రేటు పడిపోతుంది. మా అమ్మమ్మ దగ్గర విక్టోరియా రాణి బొమ్మున్న కాణీ ఒకటి ఉండేది. కాణీ అంటే పావు అణా, రూపాయిలో 64వ వంతు. దాన్ని నాకిచ్చే ముందు ప్రేమకొద్దీ పూజ సామానుతో పాటు బరబరా తోమేసింది. "చూడరా, ఎలా తళతళలాడుతోందో!" అంది. తళతళలాడింది నిజమే. రాణిగారి ముక్కు మాత్రం కనబడలేదు.

మీకు నచ్చే విషయం ఇంకోటి చెప్తాను. మనం పరీక్షలో తప్పు రాస్తే మార్కులు పోతాయి. టంకశాలలో తప్పు జరిగితే దాని కోసం జనం ఎగబడతారు. నాణెం అంటే రెండు అచ్చుల మధ్య లోహపు బిళ్ల పెట్టి గట్టిగా నొక్కడమే. బిళ్ల పక్కకి జరిగితే బొమ్మ సగమే పడుతుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్లకి ఒకవైపు బొమ్మ మామూలుగా, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి గుంటగా పడుతుంది. దీన్ని బ్రోకేజ్ అంటారు. బొమ్మా బొమ్మే, బొరుసూ బొమ్మే! బగ్‌నే ఫీచర్‌గా అమ్ముకునే ఏకైక రంగం ఇదేనేమో.

ఇప్పుడు నవ్వు కొంచెం ఆపాల్సిన సంగతి. "మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్ల ఉందా? లక్షలు మీవే!" అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ నాణెం 2012లో మామూలు చలామణీకే వచ్చింది. మా పెదనాన్న అలాంటి ప్రకటన ఒకటి నమ్మి, ఆ నంబర్‌కి ఫోన్ చేసి, "రిజిస్ట్రేషన్ ఫీజు" అని 2,500 రూపాయలు కట్టాడు. తర్వాత "ట్యాక్స్" అని ఇంకా అడిగేసరికి అనుమానం వచ్చి ఆపేశాడు. ఐదు రూపాయల బిళ్ల అమ్మడానికి 2,500 ఖర్చు! ఇంట్లో అందరం నవ్వాం, ఆయన తప్ప. తన పేరు వాడుకుని ఇలా ఫీజులు, పన్నులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. గుర్తుపెట్టుకోండి, నిజంగా కొనేవాడు మనకి డబ్బిస్తాడు, మన దగ్గర అడగడు. నాణెం ధర దాని వయసు బట్టి, దేవుడి బొమ్మ బట్టి రాదు. ఎన్ని ముద్రించారు, ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, ఎంతమందికి కావాలి, ఇవే లెక్క.

పుకార్ల వల్ల ఒక్కోసారి లాభమూ ఉంటుంది. పది రూపాయల బిళ్ల మీద పది గీతలుంటేనే అసలు, పదిహేనుంటే నకిలీ అని ఆ మధ్య ఊరంతా గోల. మొత్తం 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో చెప్పినా, తీసుకోని కొట్లు ఇంకా ఉన్నాయి. అలాంటి కొట్టు ఎదురుగా నిలబడితే చాలు, వద్దన్న బిళ్లలన్నీ నాకే. 14లో 9 అలా దొరికినవే.

అలాగని కాలేజీ ఫీజు చిల్లరలో కట్టి పగ తీర్చుకుందామనుకోకండి. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలు ఒకసారికి 1,000 రూపాయల వరకే చెల్లుతాయి. అర్ధరూపాయిలైతే పది రూపాయల వరకే, అంటే 20 బిళ్లలు.

పావలా 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయింది. కానీ పావలా వడ్డీ, పదహారణాల తెలుగమ్మాయి, దమ్మిడీకి పనికిరానివాడు ఇంకా మన మాటల్లో తిరుగుతూనే ఉన్నారు. అంటే నాణేలు దాచుకునే పిచ్చి నా ఒక్కడిదే కాదు, తెలుగు భాషకీ ఉంది. మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. మీరు పుట్టిన ఏడాది రూపాయి బిళ్లలు ఎన్ని టంకశాలలవి దొరుకుతాయో వెతకండి. చింతపండుకి మాత్రం దూరంగా ఉంచండి.