ఢిల్లీ కాదన్న బండి, బస్తరు బాటలో

దేశ రాజధానిలో పదేళ్లు నిండిన డీజిలు కారుకు ఎట్టి మర్యాద జరుగుతున్నదో పాఠకులకు విదితమే. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిని ఢిల్లీ వీధులలోకి రానీయరాదన్నది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మాటనే బలపరచినది. 2025 జూలై 1 నుండి అట్టి బండ్లకు బంకులలో చమురు పోయరాదని ఉత్తర్వు అమలులోకి వచ్చి, వారం తిరిగేసరికి వాయిదా పడినది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయసు కారణంగా యజమానులపై బలవంతపు చర్యలు తీసుకొనవద్దన్నది. డిసెంబరు 17న అదే కోర్టు ఆ రక్షణను భారత్ స్టేజ్-4, ఆ పై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసినది. పదేళ్లలో ఇన్ని మలుపులు కేశ్‌కాల్ ఘాటులో కూడా లేవు అనబోయి ఆగాను. అక్కడ పన్నెండు ఉన్నవి.

ఈ వాదోపవాదాలలో అరుదుగా వినబడిన ప్రశ్న ఒకటున్నది. ఢిల్లీ వద్దన్న బండి ఎక్కడికి పోవును? తుక్కు కింద కొట్టవచ్చును. లేదా రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రంతో మరొక రాష్ట్రానికి పోయి, అక్కడ తిరిగి రిజిస్టరై, అదే ఇంజనుతో అదే పొగ వదలవచ్చును. రాజధాని ఊపిరితిత్తులకు చేటు చేసేది మారుమూల జిల్లావారి ఊపిరితిత్తులకు మేలు చేయునని ఎవరూ అనజాలరు. అయినా ఏర్పాటు మాత్రం ఆ విధంగానే ఉన్నది.

బస్తరు పేరు ఢిల్లీలో తుపాకుల సందర్భంలో తప్ప వినబడదు. పాత బస్తరు జిల్లా వైశాల్యంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది. నేడు అది ఏడు జిల్లాలైనది. ఇటీవల నేను భద్రాచలం నుండి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరిన 30వ నెంబరు జాతీయ రహదారిలో, లోపలి గ్రామాల నుండి వచ్చి కలిసే ఎర్రమట్టి బాటల పొడుగునా, మనుషులను సంతకూ ఆసుపత్రికీ కచేరీకీ చేర్చుతున్నవి పాత డీజిలు బండ్లే. కమాండర్లు, మార్షళ్లు, సుమోలు, తొలినాటి బొలేరోలు. లోపల పదిమంది, పైన మూటలు, వెనుక కడ్డీ పట్టుకొని మరి ఇద్దరు. పదేళ్లు నిండినవని వీటిని రేపు ఉదయం ఆపివేసినచో సంత ఆగిపోవును. కనుక ఇక్కడ ప్రశ్న వేరు: నడిచే బండి తక్కువ చమురుతో, తక్కువ పొగతో నడుచుట ఎట్లు?

కుంటలో తెలుగు మాటలాడే మెకానిక్ ఒకరి షెడ్డులో ఒక పూట కూర్చున్నాను. శబరి నదికి ఈవలా ఆవలా బండ్లు ఆయన వద్దకే వచ్చును. నల్లపొగ కక్కుతూ ఒక కమాండరు వచ్చి నిలిచినది. ఆయన పంపు వంక చూసి, "సీలు ఎవరు తెంపారు తమ్ముడూ?" అన్నారు. "దర్భా ఘాటు ఎక్కడం లేదని తిప్పించాను మేస్త్రీగారూ" అన్నాడు డ్రైవరు.

ఆ రెండు మాటలలో పాత డీజిలు ఇంజను కథలో సగం ఉన్నది. పెట్రోలు ఇంజనువలె దీనికి నిప్పురవ్వ లేదు. గాలిని ఇరవై రెట్ల వరకు నొక్కి, ఆ వేడిలోకి చమురును పిచికారీ చేయును. ఎక్కిన గాలికి తగినంత చమురే కాలును. మిగిలినది మసియై గొట్టంలోంచి పోవును. పంపు మరను తిప్పి ఎక్కువ చమురు పోసినంతమాత్రాన ఘాటు ఎక్కే బలం అంతగా పెరుగదు, పొగ మాత్రం పెరుగును. ఇంజను బలం తగ్గుటకు కారణం తరచుగా చమురు కొరత కాదు, గాలి కొరత. ఆ కమాండరు గాలి ఫిల్టరు విప్పగా అడుగున ఎర్రమట్టి అడుసువలె పేరుకొని ఉన్నది. పాత జీపులలో ఈ ఫిల్టరుకు నూనె గిన్నె ఉండును. దానిని కడిగి కొత్త నూనె పోయుటకు అరగంట చాలును. ఆ అరగంట పనికి బద్ధకించినచో దుమ్ము సిలిండరులోకి పోయి రింగులను ఆకురాయివలె అరగదీయును. అటుపై పొగ నీలిరంగుకు తిరుగును. నల్లపొగ చమురు వృథా. నీలిపొగ ఇంజను ఆయిల్ కాలిపోవుట. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ వచ్చుచున్నదంటే చమురు సరిగా కాలక గాని, నీరు లోనికి దిగి గాని ఉండును.

మరి రెండు దురలవాట్లు ఈ దారిలో చూశాను. మన ఆంధ్ర, తెలంగాణలలో కూడా అవి లేకపోలేదు. మొదటిది థర్మోస్టాటును పీకి పారవేయుట. ఇంజను వేడెక్కుచున్నదని వచ్చినవానికి మెకానిక్కు చేసే సులభ చికిత్స ఇది. రేడియేటరు పూడికను తీయవలసినచోట తలుపును ఊడదీసినట్లు. ఆపైన ఇంజను ఉండవలసిన వేడికి ఎన్నడూ చేరదు. చమురు అధికంగా తాగును, రింగులు త్వరగా అరుగును. రెండవది ఘాటు దిగేటప్పుడు చమురు పొదుపని గేరు తీసి న్యూట్రల్‌లో వదలుట. గేరులో ఉండి, యాక్సిలరేటరుపై కాలు తీసి దిగుచున్నప్పుడు పంపు చమురును ఆపివేయును. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుటకు కొంత చమురు కావలసినదే. అనగా పొదుపు లేకపోగా భారమంతా బ్రేకులపై పడును. కొందరు మరొక మెట్టు దిగి ఇంజనునే కట్టివేయుదురు. బ్రేకులకు తోడ్పడే వాక్యూం పంపు నడిచేది ఆ ఇంజనుతోనే అన్న సంగతి పన్నెండవ మలుపున తెలిసి ప్రయోజనం లేదు.

చమురు శుద్ధి మాట కూడా చెప్పవలె. దూరపు గ్రామాలలో డబ్బాలలో నిలువ చేసిన డీజిలులోకి వానకాలం నీరు చేరును. ఫిల్టరు అడుగు మర విప్పి ఆ నీటిని దించుట డ్రైవరే చేసికొనదగిన పని. కిరోసిన్ కల్తీ మరింత చెడ్డది. పంపునకు డీజిలే కందెన, కిరోసిన్‌కు ఆ గుణం తక్కువ. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీలో బంకు కల్తీని పట్టుకొన్నందుకు ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్ ప్రాణాలు కోల్పోయిన ఉదంతం పాఠకులు మరచియుండరు.

ఇంతకూ ఈ శ్రద్ధ వల్ల మిగిలేది ఎంత? రోజుకు నూరు కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు పది ఇచ్చుచున్నదనుకొందము. ఫిల్టరు, నాజిళ్లు, టైర్ల గాలి, పట్టివేసే బ్రేకులు సరిచేసి దానిని పన్నెండుకు తెచ్చినచో, ఏటా 300 దినాలకు 500 లీటర్లు మిగులును. లీటరు 90 రూపాయల లెక్కన అది 45 వేలు. కాలని ఆ చమురు నుండి గాలిలోకి చేరని బొగ్గుపులుసు వాయువు సుమారు 1,300 కిలోలు.

దీనికి హద్దు లేకపోలేదు. భారత్ స్టేజ్-3 డీజిలు కారుకు అనుమతించిన మసి కిలోమీటరుకు 50 మిల్లీగ్రాములు. స్టేజ్-6లో అది 4.5. ఎంతటి మేస్త్రీ అయినా ఆ అంతరాన్ని పూడ్చలేడు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 2012లోనే తేల్చినది. ఢిల్లీ భయం నిరాధారమని నేను అనుట లేదు. కాని పేదవాడు స్టేజ్-6 బండి కొనగలిగే దినం వరకు అతని బండి ఎట్లు నడవవలెనన్నది కూడా ప్రభుత్వ విధానమే కావలె. పొగ పరీక్షలో స్టేజ్-4కు ముందరి డీజిలు బండికి హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, స్టేజ్-4కు 50. ఇంజను వేగం పెంచి కొలవవలసిన ఈ పరీక్ష, పత్రం చేతికిచ్చే తంతుగా మారినచో ఆ అంకెలకు విలువ ఏమున్నది?

1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ పొదుపు పాఠాలు మన సినిమా హాళ్లలో, రేడియోలో ఒకనాడు విరివిగా వినబడినవి. ఆ పాఠం నేడు కావలసినది సంతదారి మెకానిక్కుకు. ఢిల్లీ వదులుకొనే బండ్లలో చాలవాటికి మర తిప్పి సరిచేసే పాత పంపులు ఉండవు; అవి కామన్ రైల్ ఇంజన్లు. చమురును వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడితో చిమ్మే ఆ యంత్రం చుక్క నీటిని, చిటికెడు ధూళిని సహింపదు. దాని జబ్బు తెలుసుకొనుటకు స్కానరు కావలె. కుంట షెడ్డులో అది లేదు. నిరభ్యంతర పత్రంతోపాటు స్కానరు, నాజిలు పరీక్షించే బెంచి, వాటిని వాడుట నేర్పే ఐ.టి.ఐ. శిక్షణ కూడా ఈ జిల్లాలకు పంపవలసిన బాధ్యత, బండ్లను పంపుచున్న రాజధానికి లేదా? తుక్కు విధానం 2021లో వచ్చినది. మరమ్మతు విధానం అనేది నాకు ఇంతవరకు ఏ మంత్రిత్వ శాఖ బల్లపైనా కనబడలేదు.

ఢిల్లీ వైపు బండి చౌకగా దొరికితే కొనవచ్చునా అని లేచేముందు మేస్త్రీని అడిగాను. "తెల్లారగట్ట వెళ్లండి సార్, ఇంజను చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికే వేడి చేసి ఉంచితే తిరిగొచ్చేయండి. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయమనండి. అందులోంచి గాలి బుసకొడితే రింగులు పోయినట్టే, ఎంత తగ్గించినా తీసుకోవద్దు" అన్నారు.