బిడ్డకు మాటిమాటికీ జబ్బు చేస్తోందా?

ప్రోటీన్లు అనగానే మనకు పప్పు, గ్రుడ్లు, పాలు గుర్తుకు వస్తాయి. అయితే మన శరీరం కూడా వేలాది రకాల ప్రోటీన్లను స్వయంగా తయారు చేసుకుంటుంది. వాటిలో కొన్ని, రోగాలతో పోరాడే కణాలు ఎప్పుడు, ఎలా ఎదగాలో నిర్ణయిస్తాయి.

మూలుగలో జరిగే పని

తెల్ల రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. వీటిలో బి-కణాలు మెట్టు మెట్టుగా ఎదిగి, చివరకు సూక్ష్మక్రిములను అడ్డుకునే యాంటీబాడీలను తయారు చేస్తాయి. లేత బి-కణానికి 'బ్రతుకు, ఎదుగు' అనే సంకేతాన్ని లోపలికి చేరవేసేది బి.టి.కె. అనే ప్రోటీన్. అది లోపిస్తే కణం ఎదగకుండా మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు రక్తంలో బి-కణాలు దాదాపు ఉండవు, యాంటీబాడీలు తయారు కావు.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్, తరచూ జబ్బుపడే 8 ఏళ్ల బాలుని రక్తంలో యాంటీబాడీలుండే గామా గ్లోబ్యులిన్ లేదని కనుగొన్నారు. దానిని ఇంజెక్షన్ల ద్వారా ఇవ్వగా బాలుడు కోలుకున్నాడు. దీనికి కారణమైన ప్రోటీన్ 1993లో బయటపడింది. దానికి ఆయన పేరే పెట్టారు.

ఎవరికి వస్తుంది?

దాదాపు మగపిల్లలకే వస్తుంది. ఈ జన్యులోపం తల్లిలో ఉన్నా ఆమెకు జబ్బు కనిపించదు. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకూ సగం అవకాశం ఉంటుంది. కొందరిలో ఇది కొత్తగానే ఏర్పడుతుంది. మేనరికం దీనికి కారణం కాదు. ఇది ఎవరి పాపఫలమూ కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో ప్రభువైన యేసు కన్నవారిపై నింద మోపనివ్వలేదు. మనమూ తల్లిని నిందించరాదు.

ఎలా గుర్తించాలి?

తల్లి గర్భంలో అందిన యాంటీబాడీల వల్ల మొదటి కొన్ని నెలలు బిడ్డ బాగానే ఉంటాడు. సుమారు 6 నెలల తరువాత ఈ లక్షణాలు కనిపించవచ్చు:

1. ఏడాదిలో 4 లేక అంతకంటే ఎక్కువసార్లు చెవిలో చీము పట్టడం
2. ఏడాదిలో 2 సార్లు న్యుమోనియా రావడం
3. మందులు వాడినా జబ్బు తగ్గకపోవడం, బరువు పెరగకపోవడం
4. మేనమామలు పసితనంలోనే ఇన్ఫెక్షన్లతో చనిపోయి ఉండడం

ఇవి ఉన్నంత మాత్రాన ఈ జబ్బే అనుకోనవసరం లేదు. యాంటీబాడీలను, బి-కణాలను లెక్కించే రక్తపరీక్షలతో సంగతి తేలుతుంది.

చికిత్స

బలమైన ఆహారం మంచిదే కాని, గ్రుడ్లు ఎన్ని తినిపించినా ఈ లోపం తీరదు. దాతల రక్తం నుండి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను సాధారణంగా 3, 4 వారాలకొకసారి నరం ద్వారా, జీవితాంతం ఇవ్వాలి. ఖర్చు ఎక్కువే. కాని త్వరగా మొదలుపెడితే ఊపిరితిత్తులు చెడిపోకుండా కాపాడవచ్చు. అలాంటి బిడ్డ చదువుకొని, పెద్దవాడై, పనిచేసుకోగలడు.

ఒక హెచ్చరిక: ఈ లోపమున్న బిడ్డకు పోలియో చుక్కలు వేయించకూడదు. వాటిలో సజీవ వైరస్ ఉంటుంది. ఇంట్లోని మిగతా పిల్లలకు ఏ టీకా వేయించాలో కూడా డాక్టరును అడగండి. ఆరోగ్యవంతులైన పిల్లలందరికీ మాత్రం చుక్కలు తప్పక వేయించండి.

తల్లిదండ్రులారా, 'దిష్టి తగిలింది' అని తాయెత్తులు కట్టి కాలం గడపకండి. బిడ్డ పాత చీటీలన్నీ తీసుకొని పిల్లల డాక్టరు వద్దకు రండి.